ఎల్‌శాట్ పునఃపరీక్ష

ఎల్‌శాట్ (లా స్కూల్ అడ్మిషన్ టెస్ట్) అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యాయ కళాశాలలలో ప్రవేశానికి నిర్వహించే పరీక్ష. ఒకసారి రాసిన అభ్యర్థి మెరుగైన స్కోరు కోసం దీనిని తిరిగి రాయవచ్చు. అక్కడి ప్రధాన న్యాయ పట్టా అయిన జ్యూరిస్ డాక్టర్ (జె.డి.) డిగ్రీ తరువాత చదివే మూడేళ్ళ కోర్సు. రుసుములు అధికం కావడం వలన అనేకులు అప్పు చేసి చదువుతారు. పలు కళాశాలలు ఉపకారవేతనాల మంజూరులోనూ ఈ స్కోరును పరిగణిస్తాయి. కాబట్టి పునఃపరీక్ష నిర్ణయం అభ్యర్థికి దొరికే సీటుపైనే కాక, మిగిలే అప్పుపై కూడా ప్రభావం చూపుతుంది.

పరీక్ష స్వరూపం

1947లో ఏర్పడిన లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్ ఈ పరీక్షను 1948లో ప్రారంభించింది. 1991 నుండి స్కోరు 120 - 180 మధ్య ఉంటున్నది. 2024 ఆగస్టు నుండి పరీక్షలో 35 నిమిషాల చొప్పున నాలుగు విభాగాలున్నాయి. వీటిలో రెండు తార్కిక వివేచన, ఒకటి పఠనావగాహన. నాలుగవది ప్రశ్నలను పరీక్షించి చూసేందుకు ఉద్దేశించినది, దానికి మార్కులుండవు. అంతకు ముందు "లాజిక్ గేమ్స్"గా పేరొందిన విశ్లేషణాత్మక వివేచన విభాగం కూడా ఉండేది.

నిబంధనలు

ప్రస్తుత పరీక్షా సంవత్సరం, దానికి ముందరి 5 సంవత్సరాలు కలిపిన కాలంలో 5 సార్లు, జీవితకాలంలో 7 సార్లు మాత్రమే ఈ పరీక్ష రాయవచ్చు. ఆ కాలంలో 180 సాధించినవారికి తిరిగి రాసే అవకాశం లేదు. అదనపు రుసుము చెల్లించి, స్కోరు చూసుకొన్న తరువాత రద్దు చేసుకొనే సౌకర్యం ఉంది. అయితే రద్దయిన పరీక్ష కూడా లెక్కలోకి వస్తుంది. రద్దు చేసిన సంగతి కళాశాలలకు తెలుస్తుంది.

స్కోరులో దోష పరిమితి

ఏ పరీక్షా అభ్యర్థి సామర్థ్యాన్ని కచ్చితంగా కొలవలేదు. ఎల్‌శాట్‌లో ఈ కొలత దోషం సుమారు 3 పాయింట్లు. అంటే 160 వచ్చిన అభ్యర్థి వాస్తవ సామర్థ్యం 157 - 163 మధ్య ఉండవచ్చు. కనుక రెండవసారి 162 వచ్చినంత మాత్రాన సామర్థ్యం పెరిగిందని చెప్పలేము. అదే విధంగా, సన్నద్ధత మారకుండా తిరిగి రాస్తే స్కోరు తగ్గే అవకాశమూ ఉంది.

కళాశాలల దృష్టి

గణాంకశాస్త్రం ప్రకారం స్వల్పమైన ఈ తేడా ప్రవేశాలలో స్వల్పం కాదు. ప్రతి గుర్తింపు పొందిన కళాశాల తన విద్యార్థుల స్కోర్ల మధ్యగతాన్ని, 25వ, 75వ శతాంశాలను ఏటా ప్రకటించాలి. మధ్యగతం 162 ఉన్న కళాశాలకు 161 కంటె 163 ఎక్కువ ప్రయోజనకరం. ఒకటి కంటె ఎక్కువసార్లు రాసినవారి స్కోర్ల సగటును తెలిపే పూర్వ పద్ధతిని మార్చి, 2006లో అమెరికన్ బార్ అసోసియేషన్ అత్యధిక స్కోరును స్వీకరించసాగింది. దీనితో పునఃపరీక్ష వలన కలిగే నష్టం చాలావరకు తగ్గింది. అయినా కళాశాలలకు స్కోర్లన్నీ కనిపిస్తాయి. స్కోర్ల మధ్య తేడా ఎక్కువగా ఉంటే కొన్ని కళాశాలలు వివరణ ఆశిస్తాయి.

నిర్ణయానికి ఆధారాలు

* నమూనా పరీక్షలు: సమయ నియమంతో రాసిన నమూనా పరీక్షల సగటు అసలు స్కోరు కంటె స్పష్టంగా ఎక్కువగా ఉంటే తిరిగి రాయడం సమంజసం. రెండూ సమానమైతే ముందుగా చదివే పద్ధతి మారాలి.
* కారణం: అనారోగ్యం, సమయం చాలకపోవడం వంటివి సరిదిద్దుకోదగినవి. 2024 ఆగస్టుకు ముందు లాజిక్ గేమ్స్‌లో వెనుకబడినవారికి ఆ విభాగం ఇప్పుడు లేదు.
* సమయం: అనేక కళాశాలలు దరఖాస్తులు వచ్చిన క్రమంలో సీట్లు నింపుతూ పోతాయి. ఆలస్యంగా వచ్చిన మంచి స్కోరుకు సీట్లు, ఉపకారవేతన నిధులు తక్కువగా మిగలవచ్చు. అటువంటప్పుడు మరుసటి ఏడాది దరఖాస్తు చేయడం ఒక మార్గం.
* లక్ష్యం: స్కోరు ఇప్పటికే కోరుకున్న కళాశాల 75వ శతాంశాన్ని మించితే పునఃపరీక్ష వలన లాభం తక్కువ.

లాసెట్‌తో భేదం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో న్యాయవిద్యా ప్రవేశాలకు జరిగే లాసెట్ ఏడాదికొకసారి ఉంటుంది. ర్యాంకు ఆ సంవత్సరపు ప్రవేశాలకే చెల్లుతుంది. ఎల్‌శాట్ ఏడాదిలో పలుమార్లు జరుగుతుంది, పాత స్కోర్లు కొన్నేళ్ళపాటు వెంట ఉంటాయి. అందువలన లాసెట్‌లో తిరిగి రాయడమంటే ఒక ఏడాది వేచి ఉండడం; ఎల్‌శాట్‌లో అది పరిమితంగా ఉన్న అవకాశాలలో ఒకదానిని వెచ్చించడం.