కప్పుకొనిన ముఖము: ఖ్నోప్ఫ్ చిత్రమున భావము, సాన్నిహిత్యము

ప్రతీకవాద చిత్రకళ యనగానే పురాణస్త్రీలు, స్ఫింక్సులు, స్వప్నభూములు సాధారణముగా స్మృతికి వచ్చును. బెల్జియము దేశీయుడగు ఫెర్నాన్ ఖ్నోప్ఫ్ (1858-1921) అట్టి చిత్రములవలననే హెచ్చు ప్రసిద్ధి గాంచెను. చిఱుతపులి దేహమును స్త్రీముఖమును గల ప్రాణి యొక యువకుని చెక్కిలికి తన చెక్కిలి చేర్చియున్న 1896 నాటి చిత్రము ఇందుకు నిదర్శనము. కాని ఆయన 1883లో రచించిన ‘షూమన్ సంగీతమును వినుచు’ అను తైలవర్ణచిత్రమున అద్భుతవస్తువేదియు లేదు. ఒక గది, ఒక స్త్రీ, ఒక పియానో, అంతియే. నిత్యజీవనమందలి యిట్టి సామాన్యక్షణము ప్రతీకస్థాయి నెట్లందుకొన్నదో పరిశీలించుట మా యుద్దేశము.

బ్రస్సెల్స్ నగరమందలి రాయల్ లలితకళా ప్రదర్శనశాలలోనున్న యీ చిత్రమున నల్లని వస్త్రములు ధరించిన స్త్రీ కుర్చీలో కూర్చున్నది. చిత్రకారుని తల్లియే యిందుకు నమూనాగా కూర్చున్నదని ప్రసిద్ధి. ఆమె చేయి నెత్తి ముఖమును కప్పుకొన్నది. పియానో వాయించు వ్యక్తి మనకు కనబడడు; చిత్రపు టెడమ యంచున ఒక చేయి మాత్రమే గోచరించును. వాయించు చేయి యొకటి, ముఖమును మఱుగుపఱచు చేయి యొకటి: కథ యంతయు ఈ రెండు చేతుల నడుమనే నడచుచున్నది.

జేమ్స్ ఎన్సోర్ 1881లో చిత్రించిన ‘రష్యన్ సంగీతము’ను దీని ప్రక్కనుంచి చూచిన ఖ్నోప్ఫ్ ప్రత్యేకత స్పష్టమగును. అందు పియానో వాయించు స్త్రీయు, వినుచున్న పురుషుడును ఇరువురును కన్పట్టుదురు. తన చిత్రమునే ఖ్నోప్ఫ్ అనుకరించెనని ఎన్సోర్ ఆరోపించెను. 1883లో నెలకొల్పబడిన ‘ఇరువదిమంది’ కళాకారుల సంఘమున ఇరువురును సభ్యులే. వస్తువు సమానమే యైనను దృష్టి వేఱు. ఎన్సోర్ ఒక గృహగోష్ఠిని చూపినాడు; ఖ్నోప్ఫ్ ఆ గోష్ఠినుండి వాదకుని దాదాపు తొలగించి, వినికిడి యను అంతర్వ్యాపారమునే వస్తువుగా గ్రహించినాడు. కావున ఆ యారోపణ వస్తువు విషయమున మాత్రమే పొసగునని మేము తలంతుము.

ఈ స్త్రీ దుఃఖించుచున్నదా? ఏకాగ్రతతో వినుచున్నదా? గతస్మృతిలో మునిగియున్నదా? చిత్రము పేరు సంగీతకర్తను మాత్రమే చెప్పుచున్నది గాని రచనను చెప్పుటలేదు, భావమును అసలే చెప్పుటలేదు. రసమును, స్థాయిభావమును స్వశబ్దముచే పేర్కొనుట దోషమని మమ్మటుడు కావ్యప్రకాశమున నిర్ణయించెను. ఖ్నోప్ఫ్ ఆ దోషమునకు దూరముగా నున్నాడు. అయితే విభావానుభావములు కష్టకల్పనచే మాత్రమే గ్రాహ్యములగుటయు దోషమే యని ఆ యాలంకారికుడే చెప్పెను. ఇచ్చట విభావమగు సంగీతము మనకు వినబడదు. అనుభావమగు హస్తవిన్యాసము అనేకభావములకు సాధారణము. కావున మన రససిద్ధాంతము ఈ చిత్రమునకు కొంతవఱకే అన్వయించును. స్థాయిభావమును నిశ్చయముగా నాస్వాదింపజేయుట దీని గమ్యము కాదు. ఇతరుల హృదయమున ఏదో జరుగుచున్నదని యెఱిగియు, అదేమో యెఱుగజాలని స్థితినే యిది మన కనుభవమునకు తెచ్చుచున్నది. ఆలంకారికునకు దోషమైన అస్పష్టత ప్రతీకవాదికి గుణమైనది.

సాన్నిహిత్యమనగా పరస్పరము చూచుకొనుటయో, స్పృశించుటయో అని లోకము భావించును. ఇచ్చటి యిరువురు ఒకరినొకరు చూచుకొనుటలేదు. అయినను ఒకే గదిలో, ఒకే నాదమునకు లోబడియున్నారు. ఒకరి సన్నిధిని ముఖము కప్పుకొని ఊరకుండగలుగుట గొప్ప చనువు. అపరిచితుల నడుమ నట్లు కూర్చుండుట దుష్కరము. షూమన్ (1810-1856) పియానో కొఱకు అనేక లఘురచనలు కూర్చినవాడు. 1838 నాటి ‘బాల్యదృశ్యములు’ అట్టివి. ఆయన పేరు సభామందిరమునకు గాక, ఈ చిన్నగదికే తగియున్నది.

మఱి ప్రేక్షకుని స్థాన మెయ్యది? మనము ఆమె కెదుట నిలిచియున్నాము. కాని ఆ చేయి మనలను వాకిటనే ఆపుచున్నది. మన కుతూహలము తీరదు. ఆమె యేకాంతమునకు భంగమును కలుగదు. ఈ నిగ్రహమే చిత్రమునకు ప్రాణము. కన్నీరు చిత్రించియున్న జాలిపడి మఱచియుందుము.

జాఁ మొరేయా ప్రతీకవాద ప్రకటనను పారిస్ పత్రికయగు ‘ల ఫిగారో’లో ప్రచురించినది 1886లో, అప్పటికి ఈ చిత్రము పుట్టి మూడేండ్లు. ప్రతీక పురాణమునుండియే దిగిరానక్కఱలేదని, ముఖము నడ్డగించిన యొక సామాన్యహస్తమైనను కంటికి కనబడని యంతరంగమునకు ద్వారము కాగలదని యీ చిత్రము సిద్ధాంతమునకు ముందే నిరూపించినది.