మీకు తెలుసా? తెరచాప ఎత్తి... భూమిని చుట్టి!

2017 సెప్టెంబరు 10న భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు ‘ఐఎన్‌ఎస్‌వీ తారిణి’ అనే తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరారు. భూమిని చుట్టేసి 2018 మే 21న తిరిగొచ్చారు. కెప్టెన్ వర్తికా జోషి. బృందంలో ఇద్దరు తెలుగువాళ్లు: విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. మరి నడిసంద్రంలో బతుకు ఎలా ఉంటుంది?

● 254 రోజుల యాత్రలో 199 రోజులు నీళ్ల మీదే గడిచాయి. దారిలో ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్‌లలో మాత్రమే ఆగాలనుకున్నారు. చివర్లో స్టీరింగ్ మొరాయించడంతో మారిషస్‌లోనూ ఆగక తప్పలేదు.

● ప్రదక్షిణ పూర్తయిందనాలంటే కనీసం 21,600 నాటికల్ మైళ్లు తిరగాలి. ఈ అంకె ఎక్కడిదంటారా? వృత్తానికి 360 డిగ్రీలు, డిగ్రీకి 60 కోణ నిమిషాలు. భూమధ్యరేఖ మీద ఒక్కో నిమిషానికి సుమారు ఒక నాటికల్ మైలు. గుణించి చూడండి!

● సముద్రం మధ్యలో లోతు కిలోమీటర్లలో ఉంటుంది, లంగరు అందదు. కాబట్టి రాత్రయినా పడవ సాగుతూనే ఉండాలి, ఎవరో ఒకరు మేలుకొనే ఉండాలి. వంతులవారీ కాపలా వల్ల ఎవరికైనా నిద్ర దొరికేది ముక్కలు ముక్కలుగానే.

● పడవ గంటల తరబడి ఒక పక్కకే ఒరిగి వెళ్తుంది. పడుకున్నవాళ్లు దొర్లి పడకుండా పడక అంచుకు గుడ్డ అడ్డం కడతారు. పొయ్యిని ఇరుసుల మీద వేలాడదీస్తారు. పడవ ఏ పక్కకు వాలినా పొయ్యి ఊగి సమంగా నిలుస్తుంది, గిన్నె ఒలకదు.

● చుట్టూ నీళ్లే ఉన్నా స్నానం మాత్రం గగనమే. ఉప్పునీళ్లను శుద్ధిచేసే యంత్రం నడవాలంటే కరెంటు కావాలి. అందుకే మంచినీళ్లు పొదుపుగా వాడతారు. సముద్రపు నీళ్లతోనే కానిద్దామంటే మామూలు సబ్బుకు సరిగ్గా నురగ రాదు.

● తూర్పు దిశగా వెళ్తూ పసిఫిక్‌లో అంతర్జాతీయ దినరేఖను దాటితే ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది. ఆ రోజు పుట్టినరోజు పడితే రెండుసార్లు చేసుకోవచ్చు!

● అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో గాలిని ఆపే నేల దాదాపు లేదు. పడమటి గాలులు అక్కడ అడ్డూఅదుపూ లేకుండా వీస్తాయి. తారిణి అక్కడి తుపాను గాలులను తట్టుకుని 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌ను దాటింది.

● 2024-25లో దిల్నా, రూప అనే ఇద్దరు అధికారులు ఇదే తారిణిలో భూమిని చుట్టివచ్చారు. దారిలో పాయింట్ నెమో మీదుగా వెళ్లారు. అక్కడి నుంచి ఎటు చూసినా అతి దగ్గరి నేల సుమారు 2,688 కిలోమీటర్ల దూరం. కానీ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నెత్తిమీదుగా వెళ్లేటప్పుడు, దాన్లోని వ్యోమగాములు ఉండేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులోనే. అంటే దగ్గర్లో మరో ఓడ లేకపోతే, అప్పుడు పడవలోని వాళ్లకు అందరికన్నా దగ్గరి ఇరుగుపొరుగు ఆకాశంలోనే!