తెలుపు తెచ్చే తంటా

సాయంత్రం వేళ... బొల్లారం స్టేషన్లో ఎంఎంటీఎస్ దిగిన ఇంటర్ అమ్మాయి ఇంటికెళ్తూ మందుల షాపు ముందు ఆగుతుంది. 'అన్నా, ఆ ట్యూబ్ ఒకటివ్వవా' అంటుంది. డాక్టర్ చీటీ ఏదని అడిగేవారుండరు. బొల్లారమనే కాదు, ఏ ఊళ్లోనైనా కనిపించే దృశ్యమే ఇది.

కొన్నాళ్లకే ముఖం తేటపడుతుంది. 'ఏం రాస్తున్నావే?' అంటూ స్నేహితురాళ్లు చుట్టుముడతారు. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది.

క్రీము కాదు... మందు!

ఇలా చేతులు మారే చాలా ట్యూబుల్లో ఉండేది మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్లు. ఎగ్జిమా, సొరియాసిస్ వంటి చర్మవ్యాధులకు వైద్యులు పరిమితంగా రాసే మందులివి. వాటిని నెలల తరబడి ముఖానికి పూస్తే చర్మం పలచబడుతుంది. సన్నటి రక్తనాళాలు ఎర్రగా పైకి కనిపిస్తాయి. మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేద్దామంటే ముఖమంతా ఎర్రబడి మండుతుంది. ఆ మంట ఓర్చుకోలేక మళ్లీ అదే ట్యూబ్! అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పలు స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది.

పాదరసం కలిపిన క్రీములది మరో ప్రమాదం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరు ఇలాంటి ఫెయిర్‌నెస్ క్రీములు వాడినట్లు వైద్యులు గుర్తించారు.

అక్కడ నలుపు... ఇక్కడ తెలుపు

విచిత్రమేమిటంటే, పాశ్చాత్య దేశాల్లో టీనేజర్లకు రంగు ముదరడం కావాలి. అందుకోసం అతినీలలోహిత దీపాలు అమర్చిన పడకల మీద పడుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2009లో ఆ పడకలను పొగాకు ఉన్న జాబితాలోనే చేర్చింది. అదే ఏడాది బ్రెజిల్ వాటిని నిషేధించింది.

మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. చర్మ క్యాన్సర్ ముప్పు మనకు తక్కువగా ఉండటానికి అదే కారణం. ప్రకృతి ఇచ్చిన ఆ గొడుగును మన పిల్లలు డబ్బులు పెట్టి మరీ చింపుకుంటున్నారు.

మాట మారాలి

మీ అమ్మాయి బ్యాగులోనో, అబ్బాయి షెల్ఫులోనో అలాంటి ట్యూబ్ కనిపిస్తే తిట్టకండి. దానిమీద రాసిన మందుల పేర్లు చదవండి. స్టెరాయిడ్ ఉంటే చర్మవైద్యులకు చూపించి, వారు చెప్పినట్లే మాన్పించండి. కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు, ఓపిక పట్టండి.

'ఎండలో తిరక్కే, నల్లబడతావ్', 'అక్క తెలుపు, దీనిదే చామనఛాయ'... పిల్లల్ని షాపు దాకా నడిపించేవి ఈ మాటలే. 1975లో మార్కెట్లోకి వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్‌లీ' క్రీము సైతం 2020లో తన పేరులోంచి 'ఫెయిర్'ను తీసేసింది. మన ఇళ్లలో మాటల్లోంచీ దాన్ని తీసేయలేమా?