మీకు తెలుసా? ఈ మిలిటరీ లారీకి తాళంచెవి లేదు

● అమెరికా సైన్యంలోకి 1950లో వచ్చిన ఎం35 రెండున్నర టన్నుల లారీకి తాళంచెవి ఉండదు. డ్యాష్‌బోర్డు మీది స్విచ్ వేసి స్టార్టర్ నొక్కితే చాలు, ఇంజన్ అందుకుంటుంది. తాళంచెవి జేబులో పెట్టుకున్న డ్రైవరుకు తూటా తగిలితే లారీ అక్కడే నిలిచిపోకూడదు కదా. పక్కనున్న ఏ సిపాయి అయినా ఎక్కి తోలేయాలి. రిటైరైన ఆ లారీలను కొని సరదాగా బాగుచేసుకునేవాళ్లు ఇప్పుడు స్టీరింగుకు గొలుసు చుట్టి తాళం వేసుకుంటున్నారు. పాత మిలిటరీ బండిలో వింతగా కనబడే ప్రతిదానికీ ఇలాంటి కారణం ఒకటి ఉంటుంది. అది తెలుసుకోకముందే పానా పట్టుకుంటే బండికీ చేటు, మనిషికీ చేటు.

● రెండో ప్రపంచ యుద్ధంలో జీఎంసీ కంపెనీ తయారుచేసిన ‘సీసీకేడబ్ల్యూ’ రకం లారీలు సుమారు 5.6 లక్షలు. పది చక్రాలు, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్, అన్ని ఆక్సిళ్లకూ అందే బలం. 1944 ఆగస్టు 25 నుంచి నవంబరు 16 వరకు ఫ్రాన్సులో సేనలకు పెట్రోలు, మందుగుండు, తిండి మోసిన ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’ నడిచింది ప్రధానంగా వీటి మీదే. జోరుగా సాగిన రోజుల్లో దాదాపు 6,000 బండ్లు రోజుకు 12,500 టన్నుల సరుకు చేర్చాయి. ఆ డ్రైవర్లలో నాలుగింట మూడొంతుల మంది నల్లజాతి సైనికులు. సేనాధిపతుల పేర్లు మనకు కంఠతా వచ్చు గానీ, నిద్రలేక కళ్లు మండుతున్నా చక్రం వదలని ఈ మనుషుల గురించి చాలామంది విననే లేదు. పాత జీఎంసీని నిలబెట్టేవాళ్లు వాళ్ల కథను కూడా నిలబెడుతున్నారని నా నమ్మకం.

● ఈ జీఎంసీ లారీని బాగుచేయాలంటే వడ్రంగం రావాలి, టాపులు కుట్టడం రావాలి. యుద్ధం ముదిరేకొద్దీ ఉక్కుకు కరువొచ్చింది. దాంతో ఇనుప తొట్టి పోయి చెక్క తొట్టి వచ్చింది. ఇనుప క్యాబిన్ పోయి కాన్వాసు టాపు వచ్చింది. రేకు కన్నా చెక్కే ముందు పాడవుతుంది కాబట్టి, ఇవాళ దొరికే బండ్లలో చాలావాటికి తొట్టి మొత్తం కొత్తగా చేయాల్సిందే.

● ఎం35లో తర్వాతి రకాలకు అమర్చిన 7.8 లీటర్ల ఇంజన్ ఏ నూనె పోసినా నడుస్తుందని చెప్పుకుంటారు. అందులో నిజం చాలానే ఉంది. డీజిల్, కిరోసిన్, విమానాల జెట్ ఇంధనం, మరీ గత్యంతరం లేకపోతే పెట్రోలు కూడా. దీని కిటుకు పిస్టన్ తలలో ఉంది. అక్కడ గుండ్రటి గుంట ఒకటి తవ్వి ఉంటుంది. మామూలు డీజిల్ ఇంజన్ ఇంధనాన్ని గాలిలోకి తుంపరగా చల్లుతుంది. ఇది మాత్రం ఎక్కువ భాగాన్ని ఆ గుంట గోడ మీదికి పల్చటి పొరలా చిమ్ముతుంది. వేడెక్కిన గోడ మీంచి ఇంధనం కొద్దికొద్దిగా ఆవిరై కాలుతుంది. అందుకే ఏ ఇంధనమైనా ఒక్కసారిగా భగ్గుమనదు. జర్మనీలోని ‘మ్యాన్’ కంపెనీలో మాయ్‌రర్ అనే ఇంజనీరు రూపుదిద్దిన పద్ధతి ఇది. 1950ల చివరలో మన జబల్‌పూర్‌లో శక్తిమాన్ లారీల తయారీకి లైసెన్సు ఇచ్చిన కంపెనీ కూడా అదే.

అయితే ఏదైనా తాగుతుందన్నారు కదా అని వాడేసిన ఇంజన్ ఆయిలును వడకట్టకుండా ట్యాంకులో పోసేవాళ్లున్నారు. ఈ ఇంజనులో అన్నిటికన్నా సున్నితమైనది, ఖరీదైనది ఇంజెక్షన్ పంపు. ఇంధనంలో ఉండే జిడ్డే దానికి కందెన. పెట్రోలులో ఆ జిడ్డు ఉండదు. పాత ఆయిలులో జిడ్డుతోపాటు లోహపు రజను ఉంటుంది. ఒకటి పంపును పొడిగా అరగదీస్తే, ఇంకొకటి ఆకురాయిలా అరగదీస్తుంది. యుద్ధంలో ఆ రోజు గట్టెక్కడానికి ఇచ్చిన వెసులుబాటు అది. రోజూ వాడుకోమని కాదు.

● రాత్రిపూట ఆర్మీ కాన్వాయ్ వెనక మీ బండి ఇరుక్కుంటే ముందు లారీ కిందికి ఒకసారి చూడండి. వెనక ఆక్సిల్ మధ్యలో ఉబ్బెత్తుగా కనబడే డిఫరెన్షియల్‌కు తెల్లరంగు వేసి ఉంటుంది. దాని పైన ఒక చిన్న బల్బు, వెలుగు నేరుగా ఆ తెల్లటి గుండ్రం మీదే పడేలా. శత్రు విమానాలకు కనబడకుండా లైట్లన్నీ ఆపేసి వెళ్లేటప్పుడు వెనక డ్రైవరు ఆ తెలుపును చూసుకుంటూ వస్తాడు. లారీ కింద ఉంటుంది కాబట్టి ఆకాశంలోంచి అది కనబడదు. బ్రిటిష్ సైన్యం నుంచి మనకొచ్చిన ఏర్పాటు ఇది. కొత్తగా రంగు వేయించేటప్పుడు అన్నీ ఆకుపచ్చగా ఉండాలనుకుని దాన్ని కప్పేస్తుంటారు, ఆ బల్బు వైరు తెంపేస్తుంటారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అమెరికావాళ్లు ఇదే పనికి వెనక లైట్లను వాడుకున్నారు. సన్నటి చీలికల్లోంచి వచ్చే ఎర్రటి వెలుగు మరీ దగ్గరికి వెళితే నాలుగు చుక్కలుగా, సరైన దూరంలో రెండుగా, బాగా వెనకబడితే ఒకటిగా కనబడుతుంది. టేపూ అక్కర్లేదు, వైర్లెస్సూ అక్కర్లేదు.

● ఆ కాలపు మిలిటరీ టైర్ల గాడులు ముందుకీ వెనక్కీ ఒకేలా ఉంటాయి. ఏ టైరు ఏ పక్కన బిగించినా ఫరవాలేదు, ఒక్క స్టెప్నీ అన్ని చోట్లకూ సరిపోతుంది. బండి ఎటు వెళ్లిందో జాడ చూసి చెప్పడం కూడా కష్టమే.

టైరు కన్నా రిమ్ముతో జాగ్రత్త. ఈ లారీల రిమ్ము ఒకే ముక్క కాదు. టైరు ఎక్కించాక చుట్టూ ఒక ఇనుప రింగు బిగించి ఆపుతారు. రింగు తుప్పుపట్టినా, గాడిలో సరిగ్గా కూర్చోకపోయినా, గాలి కొడుతున్నప్పుడు ఫిరంగి గుండులా ఎగురుతుంది. దీని వల్ల ప్రాణాలు పోయాయి. పాత రింగు టైర్లతో పనిచేసిన మన లారీ మెకానిక్కులకు ఈ భయం బాగా తెలుసు. గాలి కొట్టేది ఇనుప బోనులో పెట్టే కొట్టాలి, గొట్టం పొడవుగా ఉండాలి, మనిషి టైరుకు ఎదురుగా నిలబడకూడదు. పాతబండి మీద మోజుతో మొదటి నెలలోనే టైర్లు సొంతంగా విప్పబోయేవాళ్లను చేతులు పట్టుకుని ఆపాలి.

● ముందు బంపరు మీదుండే వించ్‌కు మెత్తటి లోహంతో చేసిన చిన్న పిన్ను ఒకటి ఉంటుంది. అది తెగిపోవడానికే ఉంది! మోయలేని బరువు పడితే ముందు పిన్ను తెగి, ఇనుప తాడు తెగకుండా కాపాడుతుంది. మాటిమాటికీ తెగుతోందని విసుగెత్తి దాని స్థానంలో గట్టి బోల్టు బిగిస్తే, తర్వాత తెగేది తాడే. తెగిన తాడు కొరడాలా వెనక్కొచ్చి కొడుతుంది.

● నిలిపి ఉంచిన బండికే జబ్బులెక్కువ. మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుని సిలిండర్లను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. సైన్యపు బండ్లు నెలల తరబడి షెడ్డుల్లో ఉంటాయి కాబట్టి, 1980ల తొలినాళ్లలో అమెరికా సైన్యం తేమ పీల్చని సిలికోన్ ఆయిలుకు మారింది. పాతదాని మీద ఇది కలిపి పోయకూడదు. లైన్లు పూర్తిగా శుభ్రం చేశాకే పోయాలి. ఎం35 బ్రేకులన్నీ ఒకే లైను మీద నడుస్తాయి. ఒక్కచోట పైపు చిల్లిపడితే అన్ని చక్రాలకూ బ్రేకు పోతుంది. ఇంజన్ ఎంత పొగ కక్కినా తర్వాత చూసుకోవచ్చు, ముందు పైపులు మార్చండి.

● కామిక్ పుస్తకాలకు పెద్ద పేరు తెచ్చిన చిత్రకారుడు విల్ ఐస్నర్ యుద్ధకాలంలో సైనికులకు బండి సంరక్షణ నేర్పే బొమ్మలు వేశాడు. 1951లో మొదలైన అమెరికా సైన్యపు ‘పీఎస్’ పత్రికకు 1971 దాకా ఆయనే కళా సారథి. గ్రీజు ఎక్కడ పెట్టాలి, ఏ నట్టు ఎందుకు వదులవుతుంది అన్నీ బొమ్మల కథల్లోనే. ఇప్పటికీ పాత బండ్లు బాగుచేసేవాళ్లకు అవి పనికొస్తున్నాయి. అర్థంకాని మాన్యువల్ కన్నా మంచి బొమ్మ మేలు.

● మన దగ్గర ఈ అభిరుచి ఎక్కువగా జోంగా చుట్టూ తిరుగుతుంది. ‘నిస్సాన్ ప్యాట్రోల్’ అనే బండిని జోంగా పేరుతో లైసెన్సు మీద 1969 నుంచి జబల్‌పూర్‌లో తయారుచేశారు. ‘జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ’ అన్న మాటల తొలి అక్షరాలు కలిపితే ఆ పేరు వచ్చింది. 1999లో ఆపేశారు. సైన్యం వేలం వేసినవి బయటివాళ్ల చేతికొచ్చాయి. మహేంద్ర సింగ్ ధోనీ దగ్గరా ఒకటుంది. మన సైన్యంలో ఈ బండ్ల మరమ్మతు బాధ్యత ఈఎంఈ దళానిది. 1943 అక్టోబరు 15న ఏర్పడిన ఆ దళానికి ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది మన సికింద్రాబాద్‌లోనే.

జోంగా వేలంలో కొన్నవాళ్లు మొదట చేసే పని, పెట్రోలు తాగేస్తోందని దాని నాలుగు లీటర్ల ఇంజన్ తీయించి డీజిల్ ఇంజన్ పెట్టించడం. ఖర్చు లెక్కన అర్థం చేసుకోగలను. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రంలు త్వరగా పాడవుతాయన్నదీ నిజమే. అయితే ఇథనాలును తట్టుకునే గొట్టాలు, డయాఫ్రంలు దొరుకుతాయి, అవి మారిస్తే సరిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన రెండు, నాలుగు చక్రాల బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. అందుకు ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కాబట్టి ఇంజన్ దింపించే ముందు ఈ నిబంధన ఒకసారి చదవండి. దింపించక తప్పకపోతే పాతదాన్ని తుక్కు కింద అమ్మేయకుండా గ్రీజు పట్టించి, గోనె చుట్టి షెడ్డులో ఒక మూల ఉంచుకోండి.