నల్లరాయి కడుపున పుట్టిన తెల్లపొడి

మా బావ తొట్టి నీళ్ళు మూడే మూడు రోజుల్లో పచ్చబడిపోయాయి. గరివిడి దాటాక ఉన్న తోటలో, కొబ్బరిచెట్ల మధ్య, సెలవులకి వచ్చే మనవలు ఈత కొడతారని కట్టించాడు దాన్ని. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు. మే నెల ఎండ, మధ్యలో ఒక గాలివాన. నాలుగోనాడు నేను వెళ్ళి గోడమీద అరచెయ్యి ఆనిస్తే జిగటగా జారిపోయింది. అడుగున గచ్చు కనిపించడం లేదు.

"ఏటి బావా ఇది, బందలా అయిపోనాది" అన్నాడు దిగాలుగా.

నాచుని ఎవరూ పిలవక్కర్లేదు. కంటికి ఆనని ఒంటికణాలవి. గాలిలో వస్తాయి, వానలో దిగుతాయి, పిల్లల కాళ్ళకంటిన మట్టితో వస్తాయి. ఎండా, వెచ్చటి నీళ్ళూ, రాలిన ఆకుల సారమూ దొరికితే ఒకటి రెండు, రెండు నాలుగు. ఒక్కో కణాన్ని చూడలేం గానీ కోట్లు కలిస్తే ఆ రంగు మనకి తెలుస్తుంది. పారే గెడ్డలో అంతగా కుదరదు దానికి. నిలవనీళ్ళే దాని ఇల్లు.

బావ దగ్గర ఒక ప్లాస్టిక్ సంచీ నిండా బ్లీచింగు ఉంది. దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలంటే చివరికి మళ్ళీ ఈ గరివిడి మట్టిలోకే రావాలి. కాకపోతే దారి స్వీడన్ మీదుగా.

1774లో అక్కడ కార్ల్ విల్‌హెల్మ్ షీలే అనే మందులకొట్టు పనివాడు ఒక నల్లరాయి పొడిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి వేడిచేశాడు. ఇవాళ బాత్రూములు కడగడానికి సీసాల్లో అమ్ముతున్నదీ ఆ ఆమ్లమే. పసుపూ ఆకుపచ్చా కలిసిన ఒక వాయువు లేచింది. ఊపిరి బిగబట్టేంత ఘాటు. అందులో పెట్టిన పువ్వులు తెల్లబోయాయి, ఆకులు పాలిపోయాయి, పురుగులు చచ్చాయి. ఆ నల్లరాయి మాంగనీసు డయాక్సైడు. ఆ వాయువుకి 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్ అని పేరు పెట్టాడు, గ్రీకులో లేతపచ్చ అని అర్థం. పచ్చదనాన్ని తుడిచిపెట్టేదానికి పచ్చ పేరే దక్కింది.

జరిగిందేమిటో ఒక్క మాటలో చెప్పాలంటే ఆకలి. నల్లరాయికి ఎలక్ట్రాన్ల ఆకలి. ఆమ్లంలో కడుపునిండి కూర్చున్న క్లోరైడు దగ్గర వాటిని లాక్కుని, తను కరిగి నీళ్ళలో కలిసిపోతుంది. పోగొట్టుకున్న క్లోరిన్ ఇప్పుడు ఆకలితో బయటికొస్తుంది. ఇక ఎదురుపడ్డ దేన్నయినా, బట్టమీది రంగునో, పురుగు ఒంటినో, నాచుకణం పొరనో, పీక్కుతింటుంది. ఈ ఆకలి సంగతి గుర్తుంచుకోండి, దీంతో మళ్ళీ పనుంది.

అప్పట్లో యూరప్‌లో నారబట్ట తెల్లబడాలంటే నెలల తరబడి పచ్చికమీద పరచి, ఎండబెట్టి, పులిసిన పాలలో నానబెట్టాలి. 1785లో ఫ్రాన్సులో బెర్తొలే ఆ పని క్లోరిన్ చేత చేయించాడు. వాయువుని మోసుకుపోవడమే చిక్కు. గ్లాస్గోకి చెందిన చార్లెస్ టెన్నంట్ 1799లో ఆ చిక్కు విప్పాడు. నీళ్ళు చిలకరిస్తే పొడిగా విచ్చుకున్న సున్నంమీదికి క్లోరిన్‌ని పంపితే సున్నం దాన్ని పీల్చేసుకుంది. అదే బ్లీచింగు పౌడరు. ఊపిరి తీసే గాలిని పీపాలో పోసి, ఓడెక్కించి, దేశాలు దాటించే ఉపాయం దొరికింది. నన్నడిగితే క్లోరిన్ కథలో షీలే కంటే టెన్నంటే గొప్పవాడు.

అక్కణ్ణించి ఫ్యాక్టరీలు పెరిగాయి, నల్లరాయికి గిరాకీ పెరిగింది. వాడేసిన మాంగనీసుని పారబోయకుండా, సున్నం కలిపి, గాలి ఊది, మళ్ళీ వాడే పద్ధతి 1860ల్లో వాల్టర్ వెల్డన్ కనిపెట్టాడు. ఆ దశాబ్దంలోనే హెన్రీ డీకన్ అసలు మాంగనీసే అక్కర్లేని దారి చూపాడు. 1890ల్లో ఉప్పునీళ్ళలో కరెంటు పంపి క్లోరిన్ తీయడం మొదలయ్యాక రాయి అవసరమే తీరిపోయింది.

సరిగ్గా అప్పుడే మన ప్రాంతం రంగంలోకి దిగింది. మనదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది 1892లో, అప్పటి విశాఖపట్నం జిల్లాలో. అంటే గర్భాం, కోడూరు, ఈ చీపురుపల్లి చుట్టుపక్కలే. ఇక్కడి రాళ్ళని తిరిగి తిరిగి చూసిన ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక జాతి రాయికి 'కోడురైట్' అని పేరు పెట్టాడు. ఆ ఊరివాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసో! పాపం, క్లోరిన్ పుట్టించే పని చేజారాకే మన రాయి ఓడెక్కింది. ఉక్కులోని గంధకాన్నీ ప్రాణవాయువునీ లాగేసి దాన్ని గట్టిపరిచే పనికి కుదిరింది. 1950ల్లో గరివిడిలోనే ఫేకర్ అనే కంపెనీ కొలిమి వెలిగింది, ఫెర్రో మాంగనీసు కోసం.

తెల్లపొడి మాత్రం బట్టలు వదిలి నీళ్ళ దారి పట్టింది. 1908లో అమెరికాలో జెర్సీ సిటీకి నీళ్ళందించే కంపెనీ మీద, నీళ్ళు శుభ్రంగా లేవని, కేసు నడుస్తోంది. కంపెనీ తరపు వైద్యుడు జాన్ లీల్ ఎవర్నీ అడక్కుండా ఆ నీళ్ళలో బ్లీచింగు కలిపించేశాడు. తాగేనీళ్ళలో విషమా అని కోర్టులో గోల. 1910లో కోర్టు ఆయన మాటే నిలబెట్టింది. ఈత కొలనులకి ఆ మందు ఆ తర్వాత వచ్చిన వాడుకే.

మా చిన్నప్పుడు వానాకాలంలో హెల్తాయన ఒక పెట్టె పట్టుకొచ్చేవాడు. అందులో ఆరు తెల్లకప్పులూ ఒక నల్లకప్పూ. ఆ పెట్టెని రూపొందించింది హారక్స్ అనే సైనిక వైద్యుడు. నల్లకప్పులో ఒక చెంచా, అంటే 2 గ్రాముల బ్లీచింగు కలిపేవాడు. నూతినీళ్ళు పోసిన కప్పుల్లో మొదటిదాంట్లో ఒక చుక్క, రెండోదాంట్లో రెండు, అలా ఆరోదాకా. అరగంట ఆగి పిండిపదార్థం కలిసిన మందు చుక్కలు వేస్తే, ఏ కప్పులో మొదట నీలం తేలుతుందో చూడాలి. మూడోదైతే 455 లీటర్లకి మూడు చెంచాలు. గట్టుమీద బోర్లాపడి ఆ నీలం కోసం కాచుకుని చూసేవాళ్ళం.

బావ తొట్టికి పెట్టె అక్కర్లేదు, లెక్క చాలు. దాదాపు 27 వేల లీటర్లు. నాచు బలిసింది కాబట్టి వెయ్యి లీటర్లకి 10 గ్రాముల క్లోరిన్. మొత్తం 270. తాజా బ్లీచింగులో మూడోవంతే క్లోరిన్, అంటే 820 గ్రాముల పొడి. సంచీ మూతి విప్పి నెలలయింది కనుక కిలో దాటించాం. ముందు గోడలన్నీ చీపురుతో తోమించాను. ఆ జిగటపొర కింద నాచు క్లోరిన్‌కి అందకుండా నక్కుతుంది. పొద్దుగూకేదాకా ఆగాం, ఎండలో పోస్తే గంట తిరక్కుండా సగం ఎగిరిపోతుంది.

బక్కెట్లో నీళ్ళు పోసి పొడి కలిపాం. సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే వాడాలి. సున్నం ఎక్కువైతే నీళ్ళ క్షారగుణం పెరుగుతుంది. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం పదునుగా ఉంటే, 8.5కి పదోవంతు మిగులుతుంది. ఈలోగా బావ బాత్రూం యాసిడ్ సీసా పట్టుకొచ్చాడు.

"ఇదీ పోసీమంటావా? ఇంకా గట్టిగా పన్జేస్తాది."

చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ రెండూ ఒక బక్కెట్లో కలిస్తే లేచేది షీలే చూసిన వాయువే. 1915లో యుద్ధరంగంలో సైనికుల మీదికి వదిలిందీ దాన్నే.

తెల్లారి చూస్తే పచ్చదనం లేదు. నీళ్ళు మాత్రం టీ డికాషనులా ఉన్నాయి. బావ నా మొహం చూడలేదు. మధ్యాహ్నానికి రంగు నల్లబడి, అడుగున మసిలాంటి మడ్డి దిగింది. వడపోత గుడ్డమీద బావ వేలు పెట్టి తీస్తే కాటుకలా అంటుకుంది.

తొట్టిలో నింపిన బోరునీళ్ళలో మాంగనీసు కరిగి ఉంటే కంటికి కనిపించదు, కడుపునిండిన స్థితిలో తేటగా ఉంటుంది. ఆకలిగొన్న క్లోరిన్ దాని ఎలక్ట్రాన్లు లాక్కుంది. అది తిరిగి మాంగనీసు డయాక్సైడై, నల్లరాయి పొడై, అడుక్కి చేరింది. షీలే గాజుపాత్రలో రాయి క్లోరైడుకి చేసిందే, ఇక్కడ క్లోరిన్ రాయికి చేసింది. బావకి ఇదంతా చెప్పాను.

"అయితే ఇది మన గర్భాం రాయేనంటావు?"

"ఆ జాతే."

వేలిమీది నలుపుని కాసేపు చూసి పంచెకి తుడుచుకున్నాడు.

"మరైతే లారీకి చెప్పీమంటావా?"