చెమ్మ ఎటునుంచి వచ్చింది?

బాలలూ! దొంగ ఏ దారిన వచ్చాడో తెలియకుండా ఏ తలుపుకు తాళం వేస్తాం? ఇంట్లో చేరే చెమ్మ సంగతీ అంతే.

మా అబ్బాయి విశాఖపట్నంలో కొండవాలున కొత్త ఇల్లు కట్టుకున్నాడు. స్థలం వాలుగా ఉండటంచేత కింద ఒక నేలమాళిగ కూడా కుదిరింది. వేసవిలో గృహప్రవేశం అయింది. ఆ గది చల్లగా ఉన్నదని మురిసిపోయి, నలభై ఏళ్ళుగా కూడబెట్టిన నా పుస్తకాల పెట్టెలు అందులో గోడవారగా పెట్టించాను. శ్రావణమాసంలో ఒకనాడు నా మనవరాలు పెట్టె తెరిచి, "తాతయ్యా, పుస్తకాలన్నీ బూజు పట్టాయి!" అని కేక వేసింది. వెళ్ళి చూద్దును గదా, రెండు పెట్టెల పుస్తకాలు పుటలు అంటుకుపోయి పనికిరాకుండా ఉన్నాయి. గోడ అడుగుభాగం నెమ్మెక్కి, తెల్లగా ఉప్పు పూసింది.

"నీరు పట్టని రంగు వేయిద్దాం," అన్నాడు మా అబ్బాయి. "కొత్త గోడ గదా, అదే ఆరుతుంది," అన్నది కోడలు. "కిటికీలు తెరిచిపెడితే సరి," అన్నాను నేను. "అసలు నీళ్ళు ఎక్కడనుంచి వస్తున్నాయి?" అని అడిగింది మనవరాలు ఒక్కతే. బడిలో ఎందరినో "కారణం చెప్పు" అని నిలదీసిన నేను, ఇంట్లో ఆ ప్రశ్న మరిచిపోయాను!

ఆలోచిస్తే, నీరు మూడు దారుల రావచ్చు.

మొదటిది, ఇల్లు కట్టినప్పటి నీరు. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీరు కలిపారనుకోండి. అందులో సుమారు 12 లీటర్లు మాత్రమే సిమెంటుతో కలిసి గట్టిపడిపోతుంది. మిగిలినది గోడలోని సన్నని రంధ్రాలలో ఉండి, నెలల తరబడి మెల్లగా ఆరవలసిందే.

రెండవది, గాలిలోని నీరు. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని భరించగలదు. 25 డిగ్రీలకు చల్లబడితే 23 గ్రాములే భరిస్తుంది. మిగిలిన ఆవిరి చల్లని గోడమీద బొట్లుగా నిలుస్తుంది. చన్నీళ్ళ గ్లాసుకు చెమట పట్టేది ఇందువల్లనే.

మూడవది, మట్టిలోని నీరు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు, ఇటుకా సిమెంటూ తడిమట్టినుంచి నీటిని పీలుస్తాయి. ఆ నీరు ఆరిపోగా, అందులో కరిగిన లవణాలు తెల్లని పూతగా మిగులుతాయి.

ఈ మూడింటిలో మన దొంగ ఏది? ఆ సంగతి గోడనే అడిగాం. చెమ్మ ఉన్నచోట పొడిగుడ్డతో బాగా తుడిచి, జానెడు ప్లాస్టిక్ కాగితం పెట్టి, నాలుగంచులూ టేపుతో గట్టిగా అంటించాం. రెండురోజులకు గదివైపు బొట్లు కనబడితే నీరు గాలిలోది. గోడవైపు కనబడితే గోడలోనుంచి వచ్చినది. మాకు గోడవైపే కనబడ్డాయి. నా కిటికీల మాట వీగిపోయింది!

అప్పుడు మనవరాలు చెమ్మ అంచువెంట పెన్సిలుతో గీత గీసి, తేదీ వేసింది. కట్టినప్పటి నీరైతే నానాటికీ తగ్గాలి గదా! పెద్దవాన కురిసిన మరునాడు చెమ్మ గీత దాటి నాలుగు వేళ్ళు పైకెక్కింది. బయటికి వెళ్ళి చూశాం. మేడమీది వాననీరు దింపే గొట్టం సరిగ్గా ఆ గోడ మొదట్లోనే నీళ్ళు కుమ్మరిస్తున్నది. పునాది చుట్టూ పూడ్చిన కొత్తమట్టి కుంగిపోయి, నీరంతా ఇంటివైపే పారుతున్నది. ముందే రంగు వేసి ఉంటే, దాని వెనుక నీరు చేరి పొక్కులు లేచి రాలిపోయేది.

గొట్టాన్ని పొడిగించి నీటిని దూరంగా వదిలాం. గోడపక్కన మట్టిపోసి, దిమ్మిస కొట్టించి, 3 మీటర్ల దూరానికి 15 సెంటీమీటర్ల పల్లం వచ్చేటట్లు చదునుచేయించాం. తరువాతి వానకు చెమ్మ గీత దాటలేదు. సంక్రాంతి నాటికి గోడ పొడిబారింది.

మీ ఇంట్లో చెమ్మ కనబడితే మీరూ ఈ పరీక్ష చేసి చూడండి. కాని కరెంటు బోర్డు దగ్గర తడి ఉంటే మాత్రం ముట్టుకోక, వెంటనే పెద్దలతో చెప్పండి.

పోయిన పుస్తకాలు పోనే పోయాయి. మిగిలినవి ఇప్పుడు మేడమీద ఉన్నాయి. నేలమాళిగకు వెల్లవేసినప్పుడు మా అబ్బాయి ఆ పెన్సిలు గీతను మాత్రం చెరపనివ్వలేదు.