రంగుల పొయ్యి పొగగొట్టమునకు తగిన కుంచె

చేనేతవారికి కుంచె కొత్త వస్తువు కాదు. పడుగు చాచి, గంజి పెట్టి, పోగుకు పోగు అంటుకొనకుండ దువ్విన చేతులు మనవి. గట్టి కుంచె సన్ననూలును తెంపునని మన యిండ్లలో చిన్నపిల్లలు కూడ చెప్పగలరు. అట్టి మనమే, రంగుల పొయ్యి పొగగొట్టమునకు కుంచె కొనవలసి వచ్చినప్పుడు బజారులో చేతికి అందినది తెచ్చుచున్నాము. మా సంఘములో జరిగినదియు ఇదే. అందువలన వచ్చిన ఆపదను, నేర్చిన పాఠమును ఇతర సంఘములవారికి తెలుపుట మా విధి యని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

షోలాపూరులోని మా రంగుల కార్ఖానాలో మొదట కట్టెల పొయ్యి ఉండెడిది. నాఫ్తాల్, వ్యాట్ రంగులు వేసిన నూలును చివరకు సబ్బునీటిలో మరిగించనిదే రంగు నిలువదు గదా! కట్టెల ఖర్చు, పొగ భరింపలేక, కొన్ని సంవత్సరముల క్రిందట పెల్లెట్ల పొయ్యి పెట్టించితిమి. రంపపు పొట్టు, వేరుశనగ తొక్క మొదలగువానిని యంత్రములో ఒత్తి చేసిన గుళికలే పెల్లెట్లు. సాధారణముగా 6 మొదలు 8 మిల్లీమీటర్ల లావుండును. తిరుగుడు మర వీనిని కొద్దికొద్దిగా మంటలోనికి త్రోయును. చిన్న పంకా గాలి నిచ్చి పొగను గొట్టములోనికి నెట్టును.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. కట్టెల పొయ్యి పొగ తన వేడిచేత తానే పైకి పోవును. కనుక దాని గొట్టము వెడల్పుగా ఉండును. పెల్లెట్ల పొయ్యి పొగను పంకా నెట్టును గనుక 3 లేక 4 అంగుళముల గొట్టము చాలును. అయితే సన్నని గొట్టము త్వరగా పూడును. ఈ పొయ్యి బూడిద పిండివలె మెత్తగా ఎగిరి, అడ్డముగా పోవు భాగములందు, మోచేతి వంపులందు చేరును. తేమ తగిలిన గట్టిపడును. దారి పూడినను పంకా నెట్టుట మానదు. అప్పుడు పొగ అతుకుల సందుల నుండి గదిలోనికి వచ్చును.

ఇక మా పొరపాటు చెప్పెదము. గొట్టమును బయటినుండి కొలిచి, ఆ కొలతకు ఇనుప తీగల కుంచె తెచ్చితిమి. మా గొట్టము రెండు పొరలది. లోపలి వెడల్పు తక్కువ యని తోచలేదు. అమ్మిన వారు "ఏ గొట్టానికైనా ఇదే" అనిరి, మేము నమ్మితిమి. కుంచె వంపు దగ్గర బిగిసిపోయినది. వెనుకకు లాగుచు ఎడమవైపునకు త్రిప్పగా కడ్డీ మర ఊడి చేతికి వచ్చినది, కుంచె లోపలనే నిలిచినది. దసరా సరుకు తొందరలో ఉంటిమి. సెలవునాడు తీయించవచ్చునని ఊరకుంటిమి. మూడు వారములు గడచినవి.

ఒకనాడు జోరుగా వాన. జల్లు పడుచున్నదని కిటికీలు మూసితిమి. చిలపలు త్రిప్పుచున్న చెల్లెలొకతె, "అన్నా, తల దిమ్ముగున్నది, కడుపుల తిప్పుతున్నది" అన్నది. తొట్టిలోని హైడ్రోస్ ఘాటని తలచి, కొంచెము సేపు కూర్చొమ్మంటిమి. ఇంతలో తొట్టి దగ్గరి పెద్దాయన గోడ నానుకొని కూలబడెను. అప్పటికి గాని మాకు తెలివి రాలేదు. ఇద్దరిని బయటకు తెచ్చి ఆసుపత్రికి చేర్చితిమి. దైవకృపవలన ఇద్దరును కోలుకొనిరి. అది కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పని యని డాక్టరుగారు చెప్పిరి. దానికి రంగు లేదు, వాసన లేదు. గొట్టము విప్పి చూడగా, చిక్కుకొన్న కుంచె చుట్టును బూడిద గోడ కట్టినట్లు పేరుకొని యున్నది. శుభ్రము చేయుటకు తెచ్చిన కుంచెయే దారికి అడ్డమైనది!

కుంచె కొనునప్పుడు చూడవలసినవి మూడు. మొదటిది కొలత. గొట్టపు నోటిలో పుల్ల నుంచి లోపలి వెడల్పే కొలువవలెను. కుంచె దానికి సరిగా ఉండవలెను. చిన్నదైన బూడిదను తాకదు, మరీ పెద్దదైన వంపులో బిగియును. రెండవది పీచు. ఇటుక పొగగూటికి ఇనుప తీగల కుంచె తగును. పలుచని స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టమునకు నైలాను వంటి ప్లాస్టిక్ పీచు కుంచె మేలు. ఇనుప తీగ స్టీలును గీరును, రాలిన ఇనుప పొడివలన అచ్చట తుప్పు మొదలగును. మూడవది కడ్డీ. వంపులు గల గొట్టమునకు వంగెడి కడ్డీలే కావలెను. గొట్టము పొడవంత అందుటకు ఎన్ని ముక్కలు వలయునో ముందే లెక్కించి తెచ్చుకొనవలెను.

శుభ్రము చేయు విధము ఇది. ముందునాడే పొయ్యి ఆర్పి, బాగుగా చల్లారనీయవలెను. పైకి చల్లగా కనబడు బూడిదలో నిప్పు చాలసేపు దాగియుండును. కరెంటు తీగ ఊడదీసి, ముక్కునకు మాస్కు కట్టుకొనవలెను. గొట్టము అడుగున "టీ" ఆకారపు ముక్కకు మూత ఉండును. దానిక్రింద ఇనుప డబ్బా నుంచి మూత విప్పవలెను. పొయ్యివైపు నోటికి తడిగుడ్డ అడ్డము పెట్టిన బూడిద లోనికి రాదు. కుంచెను ఒక ముక్క చివరివరకు పోనిచ్చిన తరువాతనే వెనుకకు లాగవలెను. నడుమ లాగిన చిక్కుకొనును. త్రిప్పినంతసేపు కుడివైపునకే త్రిప్పవలెను. ఎడమకు త్రిప్పిన మర ఊడును. ఈ ఒక్కమాట మాకు ముందు తెలిసియుండిన ఇంత జరుగకపోవును. కుంచె బిగిసినచో బలవంతము చేయక, ఆ వంపును విప్పి తీయవలెను.

కొననున్న టోపీలో పావురాలు గూడు కట్టినవేమో కూడ చూడవలెను. బూడిదను మూతగల ఇనుప డబ్బాలోనే పోయవలెను, గోనెసంచిలో పోయరాదు. పక్కనే నూలు కట్టలుండును గదా. ఇంటి ఊడ్పునకు వాడు వాక్యూమ్ యంత్రము దీనికి పనికిరాదు. మెత్తని బూడిద దాని వడపోత దాటి గదిలో పడును, దాగిన నిప్పు దానిని కాల్చును. అన్నియు బిగించిన తరువాత పొయ్యి వెలిగించి, అతుకుల వెంట పొగ వచ్చుచున్నదేమో చూచినగాని పని ముగిసినట్లు కాదు.

వారమున ఆరు దినములు మండు మా పొయ్యికి వారమున కొకసారి టీ మూత, నెలకొకసారి గొట్టమంతయు చూచుచున్నాము. ఈలోపుగా మంట ఎర్రబడి సోమరిగా మండినను, పొయ్యి అద్దము నల్లబడినను, బూడిద నల్లని పెచ్చులుగా వచ్చినను గాలి చాలుట లేదని గుర్తు. తలనొప్పి యని ఒకరన్నను వెంటనే తలుపులు తెరచి, పొయ్యి ఆర్పి, అందరును బయటకు రావలెను. కారణము తరువాత వెదుకవచ్చును.

ఒడిశా గ్రామములలో పొగగొట్టముగల మట్టిపొయ్యిలను ఇంటింటికి ఇచ్చి, కొన్నేండ్లు పరిశీలించిన ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రెమా హానా అను పండితులు 2016లో తమ వ్యాసమును ప్రకటించిరి. మొదటి సంవత్సరము వంటచేయు స్త్రీలు పీల్చు పొగ తగ్గినది. తరువాత ఆ మేలు నిలువలేదు. పొయ్యిలను సరిగా బాగుచేసికొనక, వాడకమును తగ్గించుటయే కారణమని వారు వ్రాసిరి. మంచి పొయ్యి తెచ్చుట ఒక యెత్తు, దానిని మంచిగా ఉంచుకొనుట మరియొక యెత్తు.

మేమును ఆలోచించితిమి. మా గొట్టమును ముందునుండి ఎవరును ఏల తుడువలేదు? రంగులవారికి కట్టకింత యని కూలి. గొట్టము తుడిచిన పూట వారికి కూలి లేదు. పస్తుండి తుడువుమనుట న్యాయమా? తప్పు వారిది కాదు, లెక్కలు వ్రాయు మాది. ఇప్పుడు ఆ పూటకు సంఘమే కూలి ఇచ్చుచున్నది. ఎవరు తుడిచిరో, ఏ తేదీన తుడిచిరో గోడమీది పలకపై వ్రాయుచున్నాము. కుంచె, కడ్డీలు, మాస్కులు సంఘపు ఖర్చే.

సోదర సంఘముల కార్యదర్శులకు మా మనవి ఒక్కటే. ఈ బులెటిను చేతికందిన వారములోనే మీ పొగగొట్టము టీ మూత ఒకసారి విప్పి చూడుడు. చిలపలు త్రిప్పు మన అక్కచెల్లెండ్రు సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరుట అన్ని సరుకులకంటె ముఖ్యము.